వడపోత అత్త పక్కన పెట్టిన ఆరో డబ్బా

వడపోత అత్త పక్కన నిలబడితే చాలు, డబ్బాలోని తేనె తానే నోరు విప్పి ఏ చెట్టున పుట్టిందీ, ఎప్పుడు కోశారూ, తెచ్చినవాడు ఎన్ని అబద్ధాలాడాడూ వరసపెట్టి చెప్పేస్తుంది. నమ్మనివాళ్లు అడవి అంచున ఉన్న రేకుల షెడ్డుకెళ్లి కనుక్కోవచ్చు.

అడవి కుటుంబాలు తెచ్చే తేనెను గుడ్డలో వడకట్టి డబ్బాలకు పట్టడం ఆమె పని. తేనెపట్టులోని గదులకు ఈగలు మైనంతో మూత వేశాకే కోయాలన్నది వాళ్ల కట్టుబాటు. మూతపడనిది నీళ్ల తేనె, ఇట్టే పులిసిపోతుంది. ఈసారి వాన ముంచుకొస్తోందని కంగారుపడి ఆమె అల్లుడు మూతపడని పట్టొకటి కోసేశాడు. తీరా షెడ్డుకొచ్చాక దాన్ని ఆరు డబ్బాల్లో దేంట్లో పోశాడో మరిచిపోయాడు.

"అల్లుడుగారూ, పెళ్లిపీటల మీద మా అమ్మాయినైనా గుర్తుపట్టారా, లేక ఎవరు దొరికితే వాళ్లనే కట్టుకున్నారా?" అంది అత్త.

"మీ అమ్మాయి అరుస్తుంది కదత్తయ్యా. డబ్బాలు అరవవు."

నవ్వింది గానీ ఆమెకు గుండెల్లో రాయి పడింది. ఒక్క డబ్బాలో నీరు ఎక్కువని తేలినా కొనేవాళ్లు సరుకంతా వెనక్కి పంపేస్తారు. ఇక షెడ్డు మూసేసి, పద్నాలుగు కుటుంబాలూ ఇటుక బట్టీకి నడవాల్సిందే. ఆమె ఒక ఏడాది అక్కడ పనిచేసింది. ఆ దుమ్ము తెచ్చిన దగ్గు ఇప్పటికీ వదల్లేదు.

తలుపేసుకుని ఏం చేసిందో ఏమో, ఒక డబ్బాను మూలకు జరిపి, మిగతా ఐదూ వరసగా పెట్టించింది.

మర్నాడు కొనేవాళ్ల తరఫున పరీక్షాయన వచ్చాడు. తేనెలో నీరెంతుందో చూపే గొట్టం చివర చిన్న గాజుపలక మీద తేనెచుక్క వేసి, కిటికీ వెలుగులో ఒంటికన్నుతో చూడసాగాడు. మూడు డబ్బాలు గట్టెక్కాయి. నాలుగోదాని దగ్గర ఆగి, గాజు తుడిచి, మళ్లీ చూశాడు. అత్త చేతిలో చీరకొంగు ఉండచుట్టుకుపోయింది.

"ఏం బాబూ?"

"కంట్లో నలుసు పడిందమ్మా."

ఐదోది కూడా చూసి, "అన్నీ బాగున్నాయి, ఎక్కించండి" అన్నాడు. అల్లుడు ఉన్నచోటే చతికిలబడ్డాడు. అత్త దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది.

అత్త చెవి ఆనించగానే నీళ్ల తేనె భోరున ఏడ్చి తప్పు ఒప్పుకుందని ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు. అదే ఆమెను అడిగితే:

"చెవీ లేదు, గివీ లేదు. ఒక్కో డబ్బాలోంచి సగం సీసా తేనె తీసి, మూత బిగించి సీసాను తలకిందులు చేశా. నీళ్ల తేనె పలచన కదా, దేంట్లో గాలిబుడగ గబగబా పైకొచ్చిందో ఆ డబ్బా పక్కన పెట్టా. దాన్ని అల్లుడే తింటున్నాడు."