ఆరని సిరా

దయ్యాలను నేను నమ్మను. దుబాయిలో డేరా అనే పేటలో పుస్తకాల బైండింగ్ షాపులో పనిచేసిన రోజుల్లోనూ నమ్మలేదు. అక్కడ మనుషులతోనే సరిపోయేది, దయ్యాలకు తీరికెక్కడిది.

2005 ప్రాంతం. దుబాయిలో పాఠాలు చెప్పే ఒక ఫ్రెంచి పెద్దావిడ పాత పత్రికల కట్టను బైండు చేయించడానికి తెచ్చింది. యూరప్ యూదుల యిడ్డిష్ భాషలోదట. 1905 రష్యా విప్లవం రోజుల్లో జార్ చక్రవర్తి ప్రభుత్వాన్ని ఏకిపారేసేదట. పోలీసులు మూయించినప్పుడల్లా అదే పత్రిక కొత్త పేరుతో మళ్లీ వచ్చేదట. చివరి సంచికను మాత్రం సిరా ఆరకముందే పట్టుకుపోయారు. ఆ ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఈవిడ తాత ఒక్క ప్రతిని చొక్కాలో దాచుకుని పారిపోయాడు.

ఈవిడ తండ్రికి చూపు లేదట, మంచం మీద ఉన్నాడట. పోయేలోగా తన తండ్రి పత్రికను చేత్తో తడమాలని ఆయన కోరిక. ఆయన దగ్గరికి వెళ్లడానికి ఈవిడకు ఆ సాయంత్రమే విమానం.

నాకూ, నా జోడీ నర్సయ్యకూ ఉర్దూ అక్షరాలు తెలుసు. ఇవి అవి కావు.

"ఇది ఉర్దూ గాదు, అరబ్బీ గాదు. ఎడమకే కుట్టే అన్నా," అన్నాడు నర్సయ్య.

కుట్టేశాను. మా ముదీర్, అంటే మేనేజరు, చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇదీ ఉర్దూలాగే కుడి నుంచే చదవాలట, కుట్టు కుడివైపు పడాలట.

"ఫిర్ సే సియో. కాగజ్ ఫటా తో దోనో ఖలాస్."

విప్పి మళ్లీ కుట్టాలి, కాగితం చిరిగితే మా ఇద్దరి ఉద్యోగాలు పోతాయి. ముసలాయన కోరికా పోతుంది.

మధ్యాహ్నం షట్టర్ దించి దారాలు కోస్తున్నాను. ఏసీ ఆగిపోయింది. లోపలి గదిలో కాలితో తొక్కే అచ్చు యంత్రం చప్పుడు. బయట బూట్ల చప్పుడు. చివరి సంచిక పైకి వచ్చింది. బొటనవేలు ఆనించి తీస్తే నల్లగా, తడిగా ఉంది.

"సిరా ఏడికెల్లి వచ్చిందే?" అన్నాడు నర్సయ్య.

ఈ కథను ఇన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాను. యంత్రం చప్పుడు నేను కలిపిందే. బూట్లూ అంతే. ఏసీ రోజూ ఆగేదే. తడి మాత్రం కలపలేదు. మా షాపులో జిగురు, దారం, అట్టలే తప్ప సిరా ఉండేది కాదు. పేజీ మీద ఒక్క అక్షరం చెదరలేదు.

కుడివైపు కుట్టి ఇచ్చాం. ఆవిడ విమానం అందుకుంది.

కొన్నాళ్లకు ముదీర్ ఇద్దరినీ పిలిచాడు. ఆవిడ ఫోన్ చేసిందట. తండ్రి చివరి పేజీని చాలాసేపు తడిమాడట. తర్వాత చూస్తే ఆయన వేళ్లన్నీ నల్లగా ఉన్నాయట.

"సియాహీ కిస్నే గిరాయీ?" అన్నాడు ముదీర్, సిరా ఎవరు ఒలకబోశారని.

నర్సయ్య నా వైపు చూశాడు. ఎప్పుడూ నేనే ఏదో ఒకటి అల్లి గట్టెక్కించేవాడిని. ఆ రోజు నాకు అబద్ధం కూడా దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.