సకాయ్ కత్తికి దసరా పూజ

ఒక జపాన్ కత్తినీ, దాంతోపాటు ఒక మంచి స్నేహాన్నీ నేను చేజేతులా నాశనం చేయబోయిన కథ ఇది. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

స్టుట్‌గార్ట్‌లో మా ఆఫీసులో కెంజీ అని నా పక్క సీటు ఇంజనీరు. సొంతూరు జపాన్‌లోని సకాయ్. నన్ను వాళ్ళ పద్ధతిలో 'శ్రీధర్-సాన్' అని, అంటే 'శ్రీధర్ గారూ' అని పిలిచేవాడు. క్యాంటీన్‌లో కూర్చుంటే చాలు, ఊరి ముచ్చట్లు మొదలుపెట్టేవాడు. సముద్రం ఒడ్డున ఫ్యాక్టరీలు, సైకిల్ భాగాలు చేసే కార్ఖానాలు, ఇళ్ళ మధ్యలోనే చుట్టూ నీళ్ళతో, పైన అడవితో ఒక పూర్వపు రాజు సమాధి. ఆకాశం నుంచి చూస్తే అది తాళంచెవి పెట్టే బెజ్జంలా ఉంటుందట! అగరొత్తులు చేసేవాళ్ళు కూడా ఉన్నారట. అన్నిటికీ మించి వంటింటి కత్తులు. ఒకరు ఉక్కు కాల్చి సాగగొడితే, ఇంకొకరు పదును పెడతారు, మరొకరు పిడి బిగిస్తారు. కరీంనగర్‌లో వెండి తీగతో నగిషీ అల్లేవాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి కదా, నోరు తెరుచుకుని వినేవాణ్ణి.

ఒక శుక్రవారం కెంజీ ఇల్లు మారుతూ, ఒక చెక్కపెట్టె నా చేతిలో పెట్టాడు.

"మా నాన్న పదును పెట్టిన కత్తి. నేను జర్మనీ వచ్చేటప్పుడు ఇచ్చాడు. సామాను మోసేవాళ్ళకు ఇవ్వాలంటే భయం. ఆదివారం వచ్చి తీసుకెళ్తా."

మర్నాడే దసరా. మూత తీశాను. అబ్బ, ఏం కత్తండీ! నా మొహం అందులో నాకంటే అందంగా కనిపించింది. ఇక ఆయుధపూజకు మా ఇంట్లో ఉన్న ఆయుధాలేమిటి? రెండు లాప్‌టాప్‌లు, కారు తాళాలు. అమ్మవారికి చూపించడానికి నాకే మొహం చెల్లలేదు.

"శ్రావణీ, కెంజీ కత్తి కూడ పెడదాం" అన్నాను మా ఆవిడతో.

"ముట్టకు. అది మనది కాదు."

"పూజ జేస్తే వాళ్ళ నాయినకే పుణ్యం."

"ఏమన్న అయితే కెంజీకి ఏం జెప్తవ్?"

"ఉక్కే! దానికేమైతది?"

ఈ మాట అన్నవాడు మెకానికల్ ఇంజనీరని దయచేసి గుర్తుంచుకోండి.

తడి పసుపు పూశాను. కుంకుమ బొట్లు పెట్టాను. దాంతోనే నిమ్మకాయ కోసి, రసం కారుతుండగానే పీట మీద పెట్టాను. పూజలో పెట్టినవాటిని మర్నాటిదాకా కదపకూడదు కాబట్టి కదపలేదు. నా నిష్ఠకు మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

పొద్దున్నే చూస్తే, బొట్టు పెట్టినచోటల్లా తుప్పు!

"చింతపండు తే!" అని అరిచాను.

"గది ఇత్తడి సామానుకు గదా?"

"అన్నీ లోహాలే! తే!"

తోమాను. తోమినకొద్దీ కత్తి అడుగంటిన మూకుడులా నల్లబడింది. ఇంకా తోమాను. ఇంకా నల్లబడింది. అంతలో కాలింగ్ బెల్ మోగింది. గబగబా కత్తి తుడిచి పెట్టెలో పెట్టేశాను.

కెంజీ పెట్టె తెరిచి, కత్తిని వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "శ్రీధర్-సాన్, దీంతో ఏం కోశారు?"

"ఒక్క నిమ్మకాయ. అంతే. పూజ చేశాం."

"పూజ అంటే?"

మొత్తం చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. "మీ నాన్నగారికి నేనే చెప్పుకుంటాను" అన్నాను.

వీడియో కాల్ కలిపాడు. పెద్దాయనకు కత్తి చూపించాం. నా ఫోన్‌లోని పూజ ఫోటో కూడా చూపించాం. ఆయన తెరకు ముక్కు ఆనించి చూసి, పకపకా నవ్వి, ఏదో చాలాసేపు చెప్పాడు.

"ఈ నలుపు సానరాయి మీద పోతుందట" అన్నాడు కెంజీ. "ఇన్నేళ్ళలో తన కత్తికి ఎవరూ దండం పెట్టలేదట. చాలా సంతోషం అంటున్నాడు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయితే వచ్చే దసరాకు కూడా చేయమంటారా, అడుగు!"

కెంజీ అడిగాడు. ఈసారి జవాబు ఠక్కున వచ్చింది.

"తప్పకుండా చేయమన్నాడు. ఫోటోకు చేస్తే చాలన్నాడు."

అందుచేత పాఠక మహాశయులారా, అమ్మవారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక పరాయివాళ్ళ కత్తి కనబడితే భక్తిగా రెండు చేతులూ జోడిస్తాను. వాళ్ళు దాన్ని తీసుకుని వెళ్ళిపోయేదాకా విడదీయను.