వడ్లలో పడ్డ బాల్

నిన్న పొద్దున స్కూల్‌కి రెడీ అవుతుంటే మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే లైన్.

"మస్తాన్ సార్ ఇక లేరు."

చేతిలో దువ్వెన అట్లే ఆగిపోయింది.

మా వైపు వీధికో మస్తాన్ ఉంటాడు కదా. ఇంకెవరో అయ్యుంటార్లే అని సర్దిచెప్పుకున్నా.

ఇంతలో ఫోటో పెట్టారు. మెడలో విజిల్, తల మీద వెలిసిపోయిన ఆ క్యాప్.

మా సారే.

అన్నం తిని, ఇంట్లోవాళ్లతో నవ్వుతా మాట్లాడి పడుకున్నారంట. నిద్రలోనే వెళ్లిపోయారు. అంత మంచి మనిషికి అంత సుఖమైన చావు. ఏడుపు వస్తుంది కానీ, దేవుణ్ణి తిట్టబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా.

ఆత్మకూరులో మా డిగ్రీ కాలేజీ అమ్మాయిల టీమ్‌కి సార్ కొత్త కోచ్‌గా వచ్చినప్పుడు నేను సెకండియర్. అంతకుముందు ఏడాది ఆడిన ప్రతి మ్యాచ్ ఓడిపోయాం. ఒక్క గోల్ కొట్టి ఉంటే ఒట్టు.

మొదటి రోజు సార్ వాళ్ల ఊరు ఏఎస్ పేట నుంచి బండి మీద వచ్చి, గ్రౌండ్ చూసి నిలబడిపోయారు. కోతల టైమ్. సగం గ్రౌండ్‌లో రైతులు వడ్లు ఆరబోసుకుని ఉన్నారు.

ఇంకొకరైతే నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయేవాళ్లు. సార్ మాత్రం, "ఆ సగం రైతులది. ఈ సగం మనది. రాండమ్మా" అన్నారు.

ఆ మిగిలిన ముక్కలోనే ప్రాక్టీస్.

నేను ఊపు మీద ఒక్క తన్ను తన్నాను. బాల్ పోయి వడ్లలో పడింది. ఎవరి వడ్లలో? మా వడ్లలోనే!

నాయన లేచాడు.

"ఏంది సార్ ఇది? ఇంకొక్కసారి నా వడ్లలో బాల్ పడిందంటే దీని ఆట బంద్. రేపట్నించి గ్రౌండ్ తొక్కనీను."

నేను షార్ట్స్ వేసుకోవడం నాయనకి ఇష్టం లేదని ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు. పాపం, ఆయన షార్ట్స్ చూస్తే కదా! కళ్లెప్పుడూ వడ్ల మీదే.

అప్పట్లో నాకంటూ ఉన్నది ఆ ఆట ఒక్కటే. నాయన మాటంటే మాటే.

సార్ వాదించలేదు. నా వైపు తిరిగి, "షూస్ విప్పమ్మా. వడ్లలో దిగి ఈ కొన నుంచి ఆ కొన దాకా బాగా ఆరేట్టు కాళ్లతో తిరగబెట్టి రా" అన్నారు.

ఆ రోజు నుంచి అదే రూల్. ఎవరు కొట్టిన బాల్ వడ్లలో పడితే వాళ్లే ఆ వడ్లు తిరగబెట్టాలి.

ఊరికే పని జరిగిపోతుంటే ఎవరు కాదంటారు?

మర్నాడు చూస్తే, నాయన వడ్ల మీద కప్పే పట్టల చుట్ట మీద కూర్చుని టీ తాగుతా, "ఈ పక్కకి కొట్టండమ్మా, ఈ మూల ఇంకా పచ్చిగా ఉండాది!" అంటున్నాడు. మా వైపు ఒక్క బాలూ రాదేంది అని పక్క రైతు గొడవ. నవ్వలేక చచ్చాం.

కానీ అరికాళ్లు మండితే బుద్ధి దానంతటదే వస్తుంది. గాల్లోకి కొట్టడం మానేశాం. అంతా నేల మీదే, చిన్న చిన్న పాసులు.

కొన్నాళ్లకి నాయన సార్‌ని నిలదీశాడు.

"ఏం కోచింగ్ సార్ నీది? బాల్ ఇటు రానే రాదు!"

"అదే కదన్నా కోచింగ్!"

సార్ అంతలా నవ్వడం అప్పుడే చూశాను.

ఆ సీజన్ నెల్లూరులో కాలేజీల టోర్నమెంట్ ఆడాం. ఇరుకులో ఆడి ఆడి వచ్చిన మాకు అక్కడి గ్రౌండ్ చెరువంత కనపడింది. ఒక్కో టీమ్‌నీ ఓడించుకుంటా ఫైనల్‌కి పోయాం. నాయన కూడా వచ్చాడు. మ్యాచ్ అంతా గొంతు చించుకుని ఒకటే అరుపు, "నేల మీద! నేల మీద!"

గెలిచాం.

కప్పు కాలేజీకి రాగానే నాయన దాన్నిండా మా వడ్లు పోశాడు. "ఖాళీగా ఇవ్వగూడదు సార్" అని సార్ చేతిలో పెట్టాడు. సార్ ఆ వడ్లు టవల్లో మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోయారు.

అప్పట్నుంచి ప్రతి పంటకీ మా ఇంటి నుంచి సార్ వాళ్లింటికి గిన్నెతో కొత్త బియ్యం పోయేవి. ఆ గిన్నెని సార్ భార్య ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. సేమియానో, ఖర్జూరాలో ఉండేవి.

ఇప్పుడు నేను కొండాపురం స్కూల్లో పీఈటీని. నా మెడలోనూ ఒక విజిల్ ఉంది. ఆ రోజు సార్ నా షూస్ విప్పించకపోతే అది లేదు.

నిన్న నాయన ఏఎస్ పేట పోయి, జనాజాకి భుజం పట్టి, పిడికెడు మట్టి వేసి వచ్చాడు.

మూడు రోజులు వాళ్లింట్లో పొయ్యి వెలిగించరంట. ఇవాళ పొద్దున అమ్మ అన్నం వండి అదే గిన్నెలోకి ఎత్తింది. నాయన దాన్ని బండికి కట్టుకుంటా అన్నాడు.

"ఆ తల్లికి ముందే చెప్తా పాపా. ఈ ఒక్కసారికి గిన్నె ఖాళీగానే ఇమ్మని."

సార్, మమ్మల్ని నేల మీదే ఆడించారు. ఆ నేల మిమ్మల్ని చల్లగా చూసుకోవాలి.

సలాం సార్.