గుట్ట మలుపు దగ్గర మూడు పటాకులు

2003 అక్టోబరు, చివరి ఆదివారం. హాజరైనవాళ్లు: ఇంజను డ్రైవరు, బొగ్గు వేసే ఫైర్‌మన్, పట్టాల వెంట నడిచి చూసే కీమాన్, నేను. నలుగురమూ రిటైరైనవాళ్లమే. డైరీలో ఇలాగే రాసుకున్నాను. ఐదో మనిషిని రాయలేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు రాతి క్వారీ దాకా పోయే చిన్న లైను అది. క్వారీ ఆగాక మూతబడి పదేళ్లు దాటింది. ఆదివారాలు దాని మీద పాత ఆవిరింజను నడిపి జనాన్ని తిప్పాలని మా కోరిక. ఆ రోజు జనం లేకుండా మొదటి పరీక్ష.

లైను బాధ్యత నాది. ఉద్యోగమంతా పట్టాలే చూసుకున్నవాణ్ని. రెండు నెలలు పట్టాల కింది ఒక్కో స్లీపరూ తట్టి చూశాను. పట్టాలంటే భయం లేదు. మనుషులంటేనే. పదేళ్లలో ఊళ్లు ఆ లైనును కళ్లం చేసుకున్నాయి. గుట్టను కోసి వేసిన మలుపు అవతల ఒక అవ్వ రోజూ మక్కజొన్నలు ఆరబోసేది. చెవులు సరిగా వినపడవు. శనివారం వెళ్లి గట్టిగా చెప్పాను.

"రేపు తొమ్మిదింటికి బండి వస్తది అవ్వా. ఇటు రాకు."

"పదేండ్ల సంది రాని బండి రేపొస్తదా? రానీ సారూ, సూస్త."

ఆదివారం కొబ్బరికాయ కొట్టాం. కీమాన్ సంచిలోంచి పటాకులు తీశాడు. పండగ పటాకులు కావు. ముందు ప్రమాదముంటే పట్టా మీద బిగించే రేకు బిళ్లలు. చక్రం ఎక్కగానే పేలుతాయి, డ్రైవరు బండి ఆపాలి. కానీ ఎవరైనా డ్రైవరు రిటైరయ్యే రోజు ఆయన చివరి బండి కింద అవే పేల్చి సాగనంపడం మా అలవాటు.

"మొదటి బండికి సలామీ లేకుంటె ఎట్ల సార్?" అన్నాడు కీమాన్.

వద్దనాల్సింది. సరే అన్నాను. ఇంజను షెడ్డులోంచి బయటికి కదలగానే మూడు పేలాయి. డ్రైవరు కూత వేసి చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం.

తర్వాత ఆవిరి సరిగా నిలవక అక్కడే పదకొండయింది. చివరికి, అరగంట తర్వాత మా వెనక రమ్మని డ్రైవరుకు చెప్పి, కీమాన్, నేను ముందు నడిచాం. మలుపు తిరగ్గానే కాళ్లు ఆగిపోయాయి. అవ్వ పట్టాల మధ్య మక్కలు పరిచి, మాకు వీపు చేసి కూర్చుంది. పిలిచాం. తల తిప్పలేదు. వెనక నుంచి కూత వినిపించింది.

కీమాన్ ఆమె వైపు ఉరికాడు. ఎర్రజెండా ఆయన చేతిలోనే వెళ్లిపోయింది. నేను ఆయన వదిలేసిన సంచి తీసుకుని వెనక్కి పరుగెత్తి, అందులో మిగిలిన మూడు పటాకులు పట్టాకు బిగించాను. తొందరలో ఒక బిళ్ల రెండుసార్లు జారింది.

ఇంజను వచ్చింది. మూడూ పేలాయి. వేగం తగ్గలేదు. డ్రైవరు సంతోషంగా పొడుగు కూత వేశాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన కిటికీలోంచి తువ్వాలు ఊపాడు. నవ్వుతున్నాడు. పొద్దున అవే పేల్చి అలాగే చెయ్యి ఊపినవాణ్ని, ఇప్పుడు ఆపమంటున్నానని ఆయనకెలా తెలుస్తుంది?

అప్పుడు గుర్తొచ్చింది. జెండా లేనప్పుడు రెండు చేతులూ తల మీదికి నిలువుగా ఎత్తాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేర్పే పాఠం. ఎత్తాను. ఆయన నవ్వు ఆగింది. చక్రాలు కీచుమని రుద్దుకుంటూ ఇంజను నన్ను దాటి మలుపులోకి పోయింది. నాకు ఇంకేమీ కనబడలేదు. కళ్లు మూసుకున్నాను.

ఆవిరి బుస తప్ప చప్పుడు లేదు. తర్వాత అవ్వ గొంతు.

"తొమ్మిదింటికన్నవ్! పదకొండు దాటినా రాలే. ఇగ రాదనుకున్న. నా మక్కలన్ని తొక్కిచ్చినవ్ గదా!"

ఆ తిట్లు వింటూ నేను కంకర మీద కూలబడ్డాను. లేచి వెళ్లి చూస్తే, ఇంజను ముందు చక్రాలు మక్కల్లోకి వచ్చి ఆగి ఉన్నాయి. కీమాన్ ఆమె రెక్క పట్టుకుని పక్కకు లాగింది అంతకు కాసేపటి ముందే.

మర్నాడు పొద్దున మళ్లీ అక్కడికి వెళ్లాను. డ్రైవరు నాకంటే ముందే వచ్చాడు. కంకరలోంచి మక్కలు ఏరి చాటలో వేస్తున్నాడు. అవ్వ పక్కనే నిలబడింది.

"రాళ్లు గూడ ఏస్తున్నవ్. కండ్లు కనబడ్తలేవా? గా బండి ఎట్ల నడిపినవ్?"

ఆయన చాటలోంచి ఒక రాయి తీసి పారేశాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"ముందు ఒక్క చెయ్యే ఎందుకు ఊపినవ్?"

నేను ఆయన పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.