మంద పెట్టమన్నది నేనే

"ఈడ మంద పెట్టమని ఎవురు చెప్పినారప్పా నీకు?" అని నరసమ్మక్క అడిగింది. కదిరప్ప నావైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

జరిగింది అంతే. కొట్లాట లేదు, కేసు లేదు. కానీ ఆ చూపు బరువు ఇన్నేళ్ళుగా నాతోనే ఉంది. బండి మీద పోతున్నా ఉంది, అన్నం ముందు కూర్చున్నా ఉంది. ఇతరుల తప్పులు రాయడమే పనిగా బతికినవాడిని. నాది రాయడానికి ఇంత కాలం పట్టింది. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పడం కొంచెం తేలిక.

మా ఊరు రాయచెర్లుకు దగ్గరే, అంతవరకే చెబుతాను. కాపురం వై.ఎన్.హొసకోటలో. అక్కడి నుంచే ఒక దినపత్రికకు చాలా ఏళ్ళు వార్తలు పంపాను. ఊళ్ళో ఉన్న పొలం సోలార్ పార్కు కిందికి పోయింది. ఊరికి పడమట ఒక వంక ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో ఇసుకే. గట్టి వాన పడితే మాత్రం గట్టు దాటి, రెండు పక్కలా పల్లంలోకి పరుచుకుంటుంది. నీళ్ళు ఎక్కే చోటు కాబట్టి ఆ పల్లంలో సోలార్ ప్లేట్లు వేయలేదు. అది ఎవరికీ పట్టని నేలై, సర్కారు కంప అల్లుకుపోయింది. ఎక్కడి నుంచో వచ్చిన ముళ్ళ చెట్టు. దాని కింద గరిక కూడా బతకదు. ఒకప్పుడు అక్కడ ఈత చెట్లు, కానుగలు, వావిలి పొదలు, మనిషి నడుము దాకా గడ్డి ఉండేవని పెద్దవాళ్ళు చెప్పేవారు.

పార్కు వచ్చిన కొత్తలో ఊరి వాళ్ళం కొందరం కలిసి ఆ పల్లాన్ని మళ్ళీ పాత రూపానికి తేవాలనుకున్నాం. మొద్దులను జేసీబీ పెకిలించింది. మిగిలిన వేళ్ళను మనుషులే తవ్వారు. కూలి పనులకు పోయే ఆడవాళ్ళందరికీ నరసమ్మక్క పెద్ద. ఆమె ముందు నిలబడి ఆ పని చేయించింది, తానూ చేసింది. ముళ్ళు గీరుకుని ఆమె మోచేతుల దాకా ఎండిన రక్తపు గీతలు నేను చూశాను. వాటి మీద మంచి వార్త కూడా రాశాను.

తర్వాత కానుగ, ఏరుమద్ది, వావిలి నాటాం. నేల చచ్చిపోయి ఉంది. మొక్కలు పాలిపోయి నిలబడ్డాయి. అప్పుడు నాకు తోచింది, కదిరప్పను అడుగుదామని.

కదిరప్ప గొర్రెల కాపరి. పార్కు రాకముందు ఎండాకాలం వస్తే రైతులు ఆయన కోసం వెతుక్కుంటూ వచ్చేవారు. చేలో కొన్ని రాత్రులు మంద పెడితే గొర్రెల ఎరువు నేలకు పడుతుంది. మంద ఉన్నన్నాళ్ళూ కాపరికి ఆ రైతు ఇంటి నుంచి సంగటి పోవాలి. అది మా వైపు మర్యాద. చేలు ప్లేట్ల కిందికి పోయాక ఆయనను పిలిచేవాళ్ళే లేకపోయారు. నేను పిలిచాను. ఆయన మొహం వెలిగింది. హొసకోట నుంచి క్యారియర్‌లో సంగటి, ఊరిబిండి పచ్చడి నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మొక్కలు ఏపుగా పెరిగాక చెబితే అందరూ మెచ్చుకుంటారని అనుకున్నాను. మొదటి తప్పు అక్కడే ఉందేమో.

ఎండాకాలంలో గొర్రెలకు దొరికేది సర్కారు కంప కాయలే. తీపిగా ఉంటాయి, ఇష్టంగా తింటాయి. గింజలు అరగవు, ఎరువుతో పాటు నేల మీద పడతాయి. ఇది మాలో తెలియనివాళ్ళు లేరు. తెలిసినా ఎప్పుడూ పట్టించుకోలేదు. చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలో కంప మొలిస్తే గుంటక తోలినప్పుడు పోతుంది. తాతల నాటి నుంచి మందను దున్నే నేల మీదే పెట్టాం. దున్నని నేల మీద పెడితే ఏమవుతుందో నాకు తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. ఇద్దరం చేలో పెట్టినట్టే అనుకున్నాం.

వానలు పడ్డాయి. పల్లమంతా పచ్చగా లేచింది. దగ్గరికి పోయి చూస్తే అంతా కంప మొలకలే.

పాల డెయిరీ అరుగు మీద అందరూ కూడారు. నరసమ్మక్క చేతులు ముందుకు చాపింది.

"చూడప్పా కదిరప్పా, ఈ చేతులు చూడు. మేము పీకింది పీకినట్టే, నువ్వు గొర్రెల చేత మళ్ళా చల్లిచ్చినావే! సాలు పట్టి విత్తినా ఇంత బాగా మొలవదు కదప్పా."

అందరూ నవ్వారు. కదిరప్ప కూడా నవ్వబోయి ఆగిపోయాడు. అప్పుడే ఆమె ఆ మాట అడిగింది, ఎవరు చెప్పారని. ఆయన కాసేపు నావైపు చూసి, తల తిప్పుకుని, "నేనే పెట్టినాను. పొరపాటయింది" అన్నాడు.

ఆయన మంద ఇక పల్లంలో కాలు పెట్టకూడదని అక్కడే తీర్మానించారు. నేను బండి తీస్తుంటే ఆయన దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"సారూ, మీ పేరు నేనెందుకు చెప్పాల? మీరే చెప్తారనుకొంటి."

బండి స్టార్ట్ చేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ రాసిందంతా దండగ. ఆ వారమే ఆ సంగతి వార్తగా పంపాను, గొర్రెల మంద వల్ల ఊరి కష్టం వృథా అయిందని. కాపరి పేరు వేయలేదు. అదే పెద్ద నీతిగా అనుకున్నాను. ఊళ్ళో పేరు తెలియనిది ఎవరికి?

ఎందుకు నోరు విప్పలేదు? భయమా? ఏం భయం? ఒకపూట నవ్వుతారు, నరసమ్మక్క నాలుగు మాటలు అంటుంది, అంతే కదా. ఆయనకైతే నీళ్ళ దారే పోయింది. పల్లం దాటితే వంక ఇసుకలో నీళ్ళ చెలమ ఉంది. ఆ దారి మూసుకుపోయాక, మందను సోలార్ కంచె చుట్టూ తిప్పి అవతలి నీళ్ళ తొట్టి దాకా తోలాలి. బండి మీద పోతూ ఎన్నోసార్లు చూశాను, ఎండలో కంచె వెంబడి దుమ్ము లేపుకుంటూ పోయే ఆ మందను. ఒక్కసారీ ఆగలేదు.

పల్లం మాత్రం బతికింది. అది నేను తెచ్చిన ఊరట కాదు, నరసమ్మక్క వాళ్ళు తెచ్చింది. ప్రతి వానకూ నేల మెత్తగా ఉండగానే పోయి కంప మొలకలు పీకేశారు. ఏటేటా అవి తగ్గాయి. ఒక ఏడాది వంక పొంగింది. వెనకటిలా గట్టు కోసుకుపోలేదు. నీళ్ళు గడ్డిలోకి నెమ్మదిగా ఎక్కి, ఒండ్రు వదిలి, నెమ్మదిగా దిగాయి. తుంగ వచ్చింది. ఎవరూ నాటని ఈత మొలకలు గట్టు వెంట లేచాయి. ఉదయం పోతే కంజు పిట్టలు కాళ్ళ ముందు నుంచే ఎగురుతాయి.

ఇప్పుడు గడ్డి ఎంత ఎత్తు పెరిగిందంటే, ఎండాకాలంలో నిప్పు భయం పట్టుకుంది. కంప కాయలు రాలకముందే కొన్నాళ్ళు గొర్రెలు మేస్తే మంచిదని పల్లం చూసుకునే ఊరి కమిటీలో మాట వచ్చింది. కదిరప్పను పిలవమని ఎవరూ అనలేకపోయారు. అందరూ నేల చూపులు చూశారు. అప్పుడు లేచి చెప్పాను. మంద పెట్టమన్నది నేనేనని, సంగటి తీసుకుపోయి ఇచ్చింది కూడా నేనేనని, ఆ వార్త రాసిందీ నేనేనని.

ముందు నరసమ్మక్కే అంది: "ఆ పొద్దు అదే పనిగా చెప్పులు చూసుకుంటాంటివి సారూ. తెగిపోయినాయేమో, పాపం, అనుకొంటి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

కదిరప్ప దగ్గరికి కూడా పోయి చెప్పాను. కర్ర మీద చేతులు పెట్టుకుని అంతా విన్నాడు. "పొద్దు పోతాండాది, గొర్లకు నీళ్ళు చూపియ్యల్ల" అని మందను తోలుకుపోయాడు. క్షమించమని అడగలేదు నేను. అడిగే హక్కు ఎక్కడిది? అయినా ఆ సాయంత్రం బండి మీద తిరిగి వస్తుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పల్లాన్ని తల తిప్పుకోకుండా చూశాను. తుంగ గాలికి ఊగుతోంది. బాగుంది.

పాత తీర్మానం కొట్టేశారు. పల్లంలోకి మందను తోలుకు రమ్మని కదిరప్పకు కబురు పంపారు. ఆయన రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. ఈ ఉదయం కూడా ఆయన మంద కంచె చుట్టూనే తిరిగి నీళ్ళకు పోయింది.