అక్క విప్పిన కుట్టు

మా అక్క బస్సు సీట్లకు తొడుగులు కుట్టేది. డిపో వెనక రేకుల షెడ్డులో ఆమె మిషను ముందు కూర్చుని కుట్టిన సీటు మీద ఈగ వాలినా జారిపడేది. అలా పడ్డ ఈగల్లో రెండింటిని నేనే లేవదీశాను. కుట్టు ఏ కాస్త వంకరపోయినా ఆ పూట ఆమెకు అన్నం సయించేది కాదు.

కొండ మీది అడవిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు, పెద్ద మలుపు దగ్గర రెండువైపుల కొమ్మలూ కలిసే చోటు పోయింది. అక్కడి నల్లకోతులు, ముఖం చుట్టూ తెల్లని జూలున్నవి, నేల మీద కాలు పెట్టడానికి ఇష్టపడవు. ఆ కొండకు మిగిలింది ఒక్క గుంపు. పండ్ల చెట్లేమో రోడ్డుకు అవతల. గత్యంతరం లేక దిగినవి లారీల కింద పడుతున్నాయి.

అడవి గార్డు వచ్చి, చెట్టు నుంచి చెట్టుకు వంతెన కుట్టిపెట్టమని అక్కను అడిగాడు. ఫైరింజన్ల పాత గొట్టాల గుడ్డను ఇనుప తాడు చుట్టూ బిగించి, ముడత లేకుండా కుట్టిందామె. వంకాయలా నిగనిగలాడింది. మా బావ దూదిబేళ్ల లారీ మీద నిచ్చెన వేసుకుని కట్టేశాం.

మర్నాడు పొద్దున గార్డూ మేమూ లారీ పక్కన ఆపుకుని చూస్తుండగా, మంచు విడవకముందే గుంపు వచ్చింది. పెద్ద మగకోతి తాడు మీద చెయ్యి వేసింది. జారింది. మళ్లీ వేసింది, ఈసారి కాళ్లు రెండూ గాలిలో వేలాడాయి. వెనక్కి దూకి పళ్లు చూపించింది. అంతే, మిగతావి చెట్టు దిగసాగాయి. పిల్లను పొట్టకు హత్తుకున్న తల్లి అన్నిటికంటే ముందుంది. మలుపు పైనుంచి లారీ మోత వినిపిస్తోంది.

అక్క బావ వైపు తిరిగింది.

"ఏమండీ, బండి రోడ్డుకు అడ్డం పెట్టండి."

"వెనకొచ్చేవాళ్లు నా తోలు వలిచేస్తారే."

"వలిస్తే నేను కుట్టిపెడతాలెండి. ముందు పెట్టండి."

బావ వంతెన కిందే అడ్డం పెట్టాడు. వచ్చే లారీ కీచుమని బేళ్లను రాసుకునేంత దగ్గరలో ఆగింది. దాని వెనక ఇంకోటి. హారన్లకు బెదిరి తల్లి రోడ్డు అంచున బిగుసుకుపోయింది. బావ ఒక్కో బండి దగ్గరికీ వెళ్లి చేతులు జోడించాడు. కోతులు మీ వైపు చుట్టాలా, మీ ఆవిడ వైపా అని ఒకడు అడిగాడు. ఆవిడ వైపే, అందుకే ఈ భయం అన్నాడు బావ. హారన్లు ఆగాయి.

అక్క కత్తెర పట్టుకుని బేళ్ల మీదికెక్కింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. తన కుట్టును తానే, ఈ చెట్టు మొదలుకొని ఆ చెట్టు దాకా, జానెడు వదిలి జానెడు, గుడ్డతో సహా టపటపా కోసేసింది. గుడ్డ పీలికలై రెండువైపులా వేలాడింది. ఆమె దిగేలోపే తల్లికోతి మళ్లీ చెట్టెక్కేసింది. అది బెదరకుండా అక్క కత్తెర గుండె కింద దాచుకుని బేళ్ల మీద బోర్లా పడుకుంది.

తల్లి ఒక పీలిక పట్టుకుని లాగి చూసింది. ఊడలేదు. అడుగు వేసింది. ఇంకో పీలిక, ఇంకో అడుగు. పిల్లకోతి తోక అక్క జడను తాకిందంటే నమ్మడం మీ ఇష్టం. దాని వెనక గుంపంతా దాటింది. మగకోతి చివర, వంతెన తనే కట్టించినట్టు నడిచింది.

ఆ తరవాత బావ బండి స్టార్టు కాలేదు. తిట్టినవాళ్లే దిగి తోశారు.

పై అధికారికి మీ పేరు రాస్తానన్నాడు గార్డు. అక్క కంగారుపడింది.

"వద్దు బాబూ. ఆ పీలికలు నా పనని తెలిస్తే కుట్టమని నాకెవడైనా సీటు ఇస్తాడా?"

ఇప్పటికీ ఆ మలుపులో బావ బండి ఆపుతాడు. అక్క తలెత్తి కోతుల్ని చూస్తుంది గానీ, కుట్టు వైపు మాత్రం చూడదు.