టెక్కలి స్టూడియోలో చూసిన పెళ్లి వీడియో

నా పెళ్లి కుదిరాక ఇంట్లో అన్ని విషయాలూ తొందరగానే తేలాయి, వీడియో ఒక్కటి తప్ప. నాన్న ఫొటోలు చాలన్నారు. అమ్మకు వీడియో కావాలి. నాకు అసలు వద్దు. మందసలో నా స్నేహితురాలి పెళ్లికి వీడియో తీసినవాళ్లు ఆమెను మేడ మెట్ల మీంచి ఏడుసార్లు దింపించారు. ఏడోసారికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అదీ, అలగే ఉండండి మేడం" అన్నారు. పలాసలో నేను లెక్కలు చెప్పే బడి పిల్లలు నన్ను అలాంటి వీడియోలో చూస్తే, మర్నాడు బోర్డు దగ్గర ఎలా నిలబడాలని నా భయం.

మా ఇంట్లో తేలని విషయం ఏదైనా పెదనాన్న దగ్గరికి వెళుతుంది. ఉద్దానంలో మా జీడితోట, కొబ్బరితోట రెండూ ఆయన మాట మీదే నడుస్తాయి. ఆయన అమ్మ వైపు తీర్పు చెప్పారు.

"తీయించండిరా. ఫొటోల్లో ఏటుంటది, అందరూ కర్రల్లాగ నిలబడతారు. ఈడియో అయితే ఎవులొచ్చినారు, ఎవులు రానేదు, మొత్తం తెలుస్తది."

సరే, ముందు చూసి వద్దామని ఒక ఆదివారం అమ్మ, నాన్న, పెదనాన్న, పెద్దమ్మ, నేను టెక్కలిలో ఒక స్టూడియోకి వెళ్లాం. యజమాని మర్యాదస్తుడు. మాకు కూల్‌డ్రింకులు తెప్పించి, గోడకున్న పెద్ద టీవీలో తాను తీసిన పెళ్లి ఒకటి పెట్టాడు.

"ఇది కోటబొమ్మాళిలో తీసినామండి. బాగా పేరొచ్చిన పెళ్లి."

పెళ్లికొడుకు తండ్రి కనిపించగానే మేం ఐదుగురం కుర్చీల్లో సర్దుకున్నాం. ఆయన నాన్నకూ పెదనాన్నకూ మేనత్త కొడుకు, బావ. రెండేళ్ల క్రితం ఆ పెళ్లికి ఆయన ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా, వాట్సాప్‌లో శుభలేఖ పంపించాడు. పెదనాన్నకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఫోన్లో పిలిసినోడికి ఫోన్లోనే అక్షింతలు ఏద్దాం. మనింటినుంచి ఒక్కరు కూడా ఎల్లడానికి నేదు" అన్నారు. ఎవరం వెళ్లలేదు. ఆ పెళ్లికని నేను కుట్టించుకున్న జాకెట్టు బీరువాలోనే బిగుతైపోయింది. మాకు తెలిసినంతవరకు అప్పటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

"మరోటి ఎయ్యి బాబూ" అన్నారు పెదనాన్న.

"ఇందులో డ్రోన్ షాటుందండి. అది సూసి సెప్పండి."

కెమెరా కొబ్బరిచెట్ల మీదుగా ఎగిరి, షామియానా పక్కగా దిగింది. తర్వాత భోజనాల బల్లలు. వరసగా అరిటాకులు, వంగిన తలలు. ఒక ఆకు దగ్గర కెమెరా ఆగింది. తెల్లచొక్కా మనిషి ఒకాయన పనసకాయ కూర వడ్డించేవాణ్ణి వెనక్కి పిలిచి, ఆకులో ఎక్కడ వెయ్యాలో వేలితో చూపిస్తున్నాడు. పెళ్లికొడుకు తండ్రే స్వయంగా నెయ్యి గిన్నె పట్టుకొచ్చి, ఆయన భుజం మీద చెయ్యివేసి ఏదో అన్నాడు. తెల్లచొక్కా ఆయన తల వెనక్కి వాల్చి, పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

అది పెదనాన్న.

మిగతా నలుగురం టీవీ మీంచి చూపు తిప్పలేదు. మేం ముగ్ధులమైపోయామనుకున్నాడు యజమాని.

"అదే మా గొప్పండి. ఆ పెద్దాయనకి కెమెరా ఉన్నట్టే తెలీదు."

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఇంకోపాలి ఎయ్యి బాబూ."

ఆయన మళ్లీ వేశాడు. పెద్దమ్మ మొత్తం చూసి, పెదనాన్న వైపు తిరిగింది.

"ఆ రోజు జీడిపిక్కల బేరానికి పలాస ఎల్తన్నానన్నావు. ఇంటికొచ్చి ఆకలి నేదన్నావు. జొరమేమోనని నాను మిరియాల కషాయం కాసిచ్చినాను."

"తాగినాను కదేటి" అన్నారు పెదనాన్న.

అప్పటికి యజమానికి విషయం అర్థమై, రిమోట్ కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

బయట టీ కొట్టు దగ్గర పెదనాన్న అంతా చెప్పారు. ఆ ఉదయం నిజంగానే పలాస బయల్దేరారట. దారిలో బావ ఫోన్ చేశాడు.

"ఏడిసినాడు. నువ్వు రాకపోతే నా కొడుకు నెత్తిన అక్షింతలు ఎవులేత్తారన్నాడు. ఎల్లకుండా ఎలగ? ఎల్లినాక మీకెలగ సెప్పాలో తెలీనేదు. మిమ్మల్నందర్నీ ఆపినోడ్ని నానే గదా. సెప్పొద్దని బావ సేత ఒట్టు కూడా ఏయించుకున్నాను."

నాన్న రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. నవ్వుకి భుజాలు కదులుతున్నాయి.

ఇంటికొచ్చేసరికి పక్షాలు మారిపోయాయి. "ఈడియో ఎందుకురా, ఫొటోలు సాలు" అన్నారు పెదనాన్న. "నేదన్నయ్యా, తీయిద్దాం. ఎవులొచ్చినారో తెలియాల కదా" అన్నారు నాన్న. ఆయన అన్నకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. పెద్దమ్మ మాత్రం ఎవరితోనూ వాదించలేదు. ఇద్దర్నీ పక్కన పెట్టి నన్నడిగింది.

"నీ పెళ్లి. నువ్వేటంతావమ్మా?"

నేను అప్పటికే మారిపోయాను. చిన్నప్పటినుంచీ పెదనాన్నను చూస్తున్నాను. ఆయన అలా నవ్వగలరని నాకు తెలియదు. "తీయిద్దాం. మెట్లు మాత్రం దిగను" అన్నాను.

ఆ వారమే పెద్దమ్మ కుంకుమభరిణె పట్టుకుని, పెదనాన్నను వెంటబెట్టుకుని కోటబొమ్మాళి వెళ్లి నా పెళ్లికి పిలిచింది. "అన్నయ్య అప్పుడొచ్చినాడు, నువ్వెందుకు రానేదు వదినా?" అని పెదనాన్న బావగారి భార్య అడిగిందట. "నాకెవులు సెప్పినారు? నాను కషాయం కాత్తన్నాను" అందట పెద్దమ్మ. నలుగురూ సాయంత్రం దాకా కూర్చుని, వాట్సాప్‌ను తిట్టి లేచారు.

పెళ్లినాడు ఆ బావగారు అందరికంటే ముందొచ్చారు. పెదనాన్న మాత్రం వీడియో ఆయన్ను చాటుకు పిలిచి, భోజనాల వైపు రావద్దని బతిమాలి, ఆఖరి పంక్తిలో కూర్చున్నారు. పెద్దమ్మ ఆ వీడియో ఆయన్ను చెయ్యిపట్టుకుని అక్కడికే తీసుకెళ్లింది. కెమెరా చూడగానే పెదనాన్న ఆధార్ కార్డు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని, అది వెళ్లేదాకా ముద్ద ముట్టలేదు. నేను కోరుకున్న నవ్వు నా పెళ్లి వీడియోలో లేదు. పక్కన కూర్చున్న బావగారు మాత్రం ఆ ఫ్రేములో నవ్వాపుకోలేక నీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకున్నారు.

మూడు నెలలకు పెన్‌డ్రైవ్ వచ్చింది. సంతబొమ్మాళిలో మా అత్తవారింట్లో టీవీకి పెట్టుకుని చూశాం. ఏదీ చేయించి తీయనని స్టూడియో ఆయన నాకిచ్చిన మాట దాదాపు నిలబెట్టుకున్నాడు. తలంబ్రాలయ్యాక ఒక్కసారి మాత్రం, ఒకరినొకరు చూసుకుని చిన్నగా నవ్వమన్నాడు. అది వచ్చినప్పుడు మా ఆయన టీవీకి దగ్గరగా జరిగాడు, నేనూ జరిగాను. మేమిద్దరం ఎదురెదురుగా తిరిగి నవ్వుతున్నాం గానీ, నాలుగు కళ్లూ కెమెరా వైపే ఉన్నాయి.

"ఇంక సాలని ఎప్పుడంటాడా అని సూత్తన్నానప్పుడు. మెడ పట్టేసింది" అన్నాడు.

"నాకూ" అన్నాను. అత్తయ్య మమ్మల్ని జరగమని, తనకు టీవీ కనిపించడం లేదని అన్నారు. ఇద్దరం చాప మీద చెరో పక్కకీ జరిగాం.